జీతగాని పేరు ఏ కాగితంలో ఉన్నది?

పోయిన భాగంలో జీతగాళ్ల గురించి రాసిన తర్వాత చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇన్‌బాక్స్‌లో దాదాపు ఒకే మాట అడిగారు. "అన్నా, మా తాత కూడ చిన్నప్పుడే వేరే ఊర్ల జీతమున్నడట. ఏ ఊరో, ఎవరింట్లనో ఇంట్ల ఎవ్వరికి తెల్వదు. ఎట్ల తెలుసుకోవాలె?"

ఒక్కొక్కరికి జవాబు రాయలేక ఈ భాగం రాస్తున్నా. ఉన్నమాట చెప్పాలంటే మనకు ఆ దారి దాదాపు లేదు. ఎందుకు లేదో అర్థం కావాలంటే, ఆ దారి ఉన్నవాళ్లు దాని మీద ఎట్లా నడిచారో ముందు చూడాలి. అందుకే మిమ్మల్ని కెనడా దాకా తీసుకుపోతా. ఓపిక పట్టండి, మళ్లీ మన వాడకే వస్తాం.

ముందు మా ఇంటి సంగతి. పాలమూరు జిల్లాలో మా తాతను ఎనిమిదేళ్లకే పటేలు ఇంట్లో జీతానికి పెట్టారు. అక్క పెండ్లికి తెచ్చిన అప్పు కింద. ఆయన ఏ ఊర్లో ఉన్నాడో మాకు తెలుసు, ఎందుకంటే ఆయన తిరిగొచ్చాడు. ఆయన తమ్ముడు, మా చిన్నతాత, రాలేదు. తొమ్మిదేళ్ల పిల్లగాణ్ని ఇంకో ఊరికి పశువులు కాయడానికి పంపారు. అది 1940 ప్రాంతం. రెండేళ్ల తర్వాత మా ముత్తాత నడుచుకుంటూ పోయి అడిగితే "పారిపోయిండు" అన్నారు. లష్కర్ దిక్కు పోయిండని ఒకరన్నారు. షోలాపూర్ మిల్లులకు పోయిండని ఒకరన్నారు. అంతకు మించి మా ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు.

ఆ కాలంలో నిజాం రాజ్యంలో ఇట్లాంటి అప్పు జీతాన్ని సర్కారు కాగితాల్లో భగేలా అనేవారు. 1936లో దాన్ని కట్టడి చేయడానికని ఒక చట్టం కూడా వచ్చింది. ఆ చట్టం దొరుకుతుంది, చదువుకోవచ్చు. అది ఎవరి కోసం వచ్చిందో ఆ పిల్లల పేర్లు మాత్రం దొరకవు. 1941లో జనాభా లెక్కలు కూడా తీశారు. ఆ రోజు చిన్నతాత ఎక్కడున్నా, లెక్కలాయన ఆ ఇంటి ముందుకు వచ్చే ఉంటాడు. "పశుల పిల్లగాడు ఒకడున్నడు" అని దొర చెప్పే ఉంటాడు. ఆయన ఒక గీత గీసుకుని ఉంటాడు. ఆ కాగితం ఇవాళ లేదు. ఆ గీత ఒక జిల్లా మొత్తంలో కలిసిపోయింది.

ఇది మనసులో పెట్టుకుని కెనడాకు రండి.

మా అక్క బిడ్డ ఒంటారియోలో చదువుకుంటోంది. ఒక పెద్దావిడ ఇంట్లో కింది గదిలో అద్దెకుంటుంది. ఆ పెద్దావిడకు డెబ్బై దాటాయి. ఒకరోజు మా పిల్ల నాకు వీడియో కాల్ చేసి, "మామా, ఈమె వాళ్ల తాతను వెతుకుతుంది. ఆయన కూడా మన తాత లెక్కనే చిన్నప్పుడు వేరేవాళ్ల పొలంలో జీతమున్నడట" అంది. తెల్లవాళ్లకు జీతగాళ్లేందిరా అనుకున్నా. తర్వాత చదివితే తెలిసింది.

1869 నుంచి 1930ల దాకా బ్రిటన్ తన పేద పిల్లల్ని లక్షకు పైగా కెనడాకు ఓడల మీద పంపింది. వాళ్లను హోమ్ చిల్డ్రన్ అంటారు. హోమ్ అంటే ఇల్లు కాదు, అనాథాశ్రమం. మరియా రై అనే ఆమె 1869లో మొదటి గుంపును తీసుకుపోయింది. ఆ మరుసటి ఏడు ఆనీ మాక్‌ఫర్సన్ మొదలుపెట్టింది. 1882 నుంచి డాక్టర్ బర్నార్డో సంస్థ దిగింది, అందరికంటే ఎక్కువమందిని పంపింది. పేరుకు అనాథలు. నిజానికి చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. భర్త చనిపోయి, బట్టలుతికి బతికే ఆడవాళ్లు, జబ్బు పడ్డవాళ్లు, పని పోయినవాళ్లు కొన్నాళ్ల కోసమని పిల్లల్ని హోమ్‌లో పెట్టారు. మళ్లీ పోయేసరికి పిల్లవాడు సముద్రం దాటి ఉన్నాడు.

అక్కడ వాళ్లను రైతుల ఇళ్లకు పంచారు. మగపిల్లలు పొలంలో, ఆడపిల్లలు వంటింట్లో. తిండి, బట్ట, బడి ఇస్తామని కాగితం రాసుకున్నారు. కొన్ని ఇళ్లల్లో బిడ్డల్లాగా చూసుకున్నారు, ఆ మాట కూడా చెప్పాలి. చాలా ఇళ్లల్లో కొట్టంలో పడుకోబెట్టారు. 1875లోనే ఆండ్రూ డోయల్ అనే ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు, పంచిన తర్వాత ఈ పిల్లల్ని చూసే దిక్కు లేదని నివేదిక రాశాడు. దత్తత అంటే జీతం లేకుండా పని చేయించుకోవడానికి పిల్లను తెచ్చుకోవడం అని ఒక పిల్ల ఆయనకు చెప్పిందట. మన దగ్గర ఆడపిల్లను పట్నంలో ఇంటిపనికి పెట్టుకుని "మా బిడ్డ లెక్కనే చూసుకుంటున్నం" అనే దొరసానుల మాట వినలేదా మీరు? డోయల్ రాసినా ఆగలేదు. ఇంకో యాభై ఏళ్లు నడిచింది. 1924లో మార్గరెట్ బాండ్‌ఫీల్డ్ నాయకత్వంలో ఒక బృందం పోయి చూసి వచ్చాకనే, 1925లో పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని తల్లిదండ్రులు లేకుండా తీసుకోవడం కెనడా ఆపింది.

ఇక ఆ పెద్దావిడ తాతను ఎట్లా పట్టుకుందో చెప్తా. విద్యార్థులు ఇక్కడ శ్రద్ధగా చదవండి. ఇది పాఠం లాంటిది.

ఆయన తన జీవితమంతా "నేను అనాథను" అని ఒక్క మాటే చెప్పాడు. ఇంకేమీ చెప్పలేదు. హోమ్ పిల్లలు చాలామంది అంతే. హోమ్ బాయ్ అని బడిలో ఎక్కిరించేవారు, పిల్లనివ్వడానికి వెనకాడేవారు. అందుకని పెద్దయ్యాక దాచుకున్నారు. పట్నంలో రూమ్ దొరకడానికి ఇంటిపేరు దాచుకునే మన పిల్లలకు ఇది కొత్త సంగతి కాదు.

ఆమె మొదట 1911 కెనడా సెన్సస్ తెరిచింది. అందులో ప్రతి మనిషికీ ఒక వరుస. పేరు, ఇంటి యజమానికి ఏమవుతాడు, పుట్టిన నెల, సంవత్సరం, పుట్టిన దేశం, వలస వచ్చిన సంవత్సరం, మతం, పని, సంపాదన, పోయిన ఏడు ఎన్ని నెలలు బడికి పోయాడు. ఒక రైతు ఇంట్లో రైతు, భార్య, ముగ్గురు పిల్లలు. వాళ్ల కింద ఆఖరి వరుసలో ఈ పిల్లవాడు. వయసు 13. పుట్టింది ఇంగ్లండు. వలస 1907. ఇంట్లోవాళ్లంతా మెథడిస్టులు, వీడొక్కడు చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్. యజమానికి ఏమవుతాడు అన్న చోట "డొమెస్టిక్" అని ఉంది. సంపాదన దగ్గర ఖాళీ.

ఇట్లా వెతకడంలో మొదటి సూత్రం, పేరును నమ్ముకోవద్దు. పేరు ఎప్పుడూ తప్పుగానే ఉంటుంది. సెన్సస్ ఆయనకు జవాబు చెప్పింది పిల్లవాడు కాదు, ఇంటి యజమాని. వాడి పుట్టినరోజు యజమానికి ఏం తెలుసు? ఇంటిపేరు ఒక్కో సెన్సస్‌లో ఒక్కో స్పెల్లింగు. అందుకని పేరు పక్కన పెట్టి, ఆ ఇంట్లో ఇమడని మనిషి కోసం చూడాలి. ఇంటిపేరు వేరు, మతం వేరు, పుట్టిన దేశం వేరు, వలస వచ్చిన ఏడు ఒంటరిగా. ఇవన్నీ కలిసిన చోట ఒక పిల్లవాడు దొరుకుతాడు.

రెండో సూత్రం, సంబంధం చెప్పే కాలమ్‌ను జాగ్రత్తగా చదవాలి. డొమెస్టిక్, సర్వెంట్, అడాప్టెడ్, కొన్ని చోట్ల నేరుగా హోమ్ బాయ్. 1881 కెనడా సెన్సస్‌లో ఈ కాలమే లేదు, 1891 నుంచి ఉంది. ఒకే పిల్లవాడు 1901లో అడాప్టెడ్ అయి 1911లో సర్వెంట్ కావచ్చు. ఆ ఇంట్లో వాడి స్థానం ఏమిటో చెప్పేది ఆ ఒక్క మాటే. దాన్ని కూడా యజమానే చెప్పాడని మర్చిపోవద్దు.

మూడో సూత్రం, వలస సంవత్సరం దొరికితే ఓడ దొరుకుతుంది. కెనడా జాతీయ గ్రంథాలయం, ఆర్కైవ్స్ వాళ్లు ఓడల జాబితాల నుంచి హోమ్ పిల్లల పేర్లన్నీ తీసి ఒక డేటాబేస్ పెట్టారు. ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. అక్కడ ఈ పిల్లవాడు ఏ ఓడ మీద, ఏ తేదీన, ఏ హోమ్ తరఫున వచ్చాడో దొరికింది.

నాలుగో సూత్రం, అక్కణ్నుంచి వెనక్కి, పుట్టిన దేశం సెన్సస్‌లోకి పోవాలి. 1901 మార్చి 31 రాత్రి ఇంగ్లండులో లెక్కలు తీశారు. లండన్‌లో ఒక ఇరుకు వీధిలో తండ్రి, తల్లి, నలుగురు పిల్లలు. వాళ్లలో మూడేళ్లవాడు మన పిల్లవాడు. అంటే అనాథ కాదు. తండ్రి 1904లో చనిపోయాడని మరణాల రిజిస్టరులో తేలింది. తల్లి?

ఆమె 1911 ఏప్రిల్ 2 నాటి ఇంగ్లండు సెన్సస్‌లో ఉంది. ఆ ఏటి సెన్సస్‌కు ఒక ప్రత్యేకత ఉంది. ఇంటివాళ్లు తమ చేత్తో నింపిన ఫారాలనే దాచిపెట్టారు. కాబట్టి ఆమె చేతిరాతే కనిపిస్తుంది. విధవరాలు, బట్టలుతుకుతుంది, ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఆ ఫారంలో పెండ్లయిన ఆడవాళ్లకు ఒక ప్రశ్న ఉంది. ఈ పెండ్లిలో ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు, ఎంతమంది పోయారు అని. విధవరాండ్రు అది నింపనక్కర్లేదు. అయినా చాలామంది నింపారు. ఈమె కూడా నింపింది. పుట్టింది ఐదుగురు, బతికుంది నలుగురు, పోయింది ఒకరు. ఆఫీసువాళ్లు ఆ అంకెల మీద ఎర్రసిరాతో గీత కొట్టేశారు, అవసరం లేదని. గీత కింద అంకెలు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఇంట్లో ఇద్దరు. పెద్దబిడ్డ వేరే ఇంట్లో పనిమనిషిగా అదే సెన్సస్‌లో దొరికింది. నాలుగోవాడు ఒంటారియోలో రైతు ఇంట్లో ఆఖరి వరుసలో ఉన్నవాడు. కెనడా సెన్సస్ తేదీ జూన్ 1. అంటే రెండు నెలల తేడాతో తల్లి అక్కడ, కొడుకు ఇక్కడ, ఇద్దరూ కాగితాల మీద ఉన్నారు. వీడు డొమెస్టిక్. ఆమె లెక్కలో బతికున్న నలుగురిలో ఒకడు.

మా అక్క బిడ్డ ఆ ఫారం ఫొటో వాట్సాప్‌లో పంపింది. నేను దాన్ని మా అవ్వకు చూపించాను. ఆమెకు ఇంగ్లిషు రాదు, తెలుగూ చదవలేదు. ఎర్రగీత చూపించి సంగతి చెప్పాను. అవ్వ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది, "మా అత్త గూడ గట్లనే. ఎందరు పిల్లలు అంటే నలుగురు అనేది. సచ్చేదాక నలుగురే అన్నది. ముగ్గురే గదనే అంటే నా మొకం జూసేది గాదు."

అవ్వ చెప్పే ఆ అత్త మా ముత్తవ్వ. ఆమె లెక్కను ఏ ఫారం అడగలేదు. కొట్టేయడానికైనా ఆ అంకె ఎక్కడా రాసి లేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. పేరుతో రాసిన లెక్క వేరు, పేరు లేని లెక్క వేరు. రాజ్యానికి రెండోది చాలు. ఎంతమంది మాదిగలు, ఎంతమంది మాలలు, ఎంతమంది కూలీలు, ఎంత పన్ను, ఎంత బియ్యం. కానీ మనవడికి, మనవరాలికి మొదటిదే కావాలి. హోమ్ పిల్లల మనవలకు రాజ్యం దాచిన కాగితాలు దొరికాయి. ఆ కాగితాలు పట్టుకుని మా తాత అనాథ కాదు, ఆయనకు తల్లి ఉంది, ఆమెకు చెప్పకుండా పంపారు అని నిలదీశారు. 2010 ఫిబ్రవరి 24న బ్రిటన్ ప్రధాని గార్డన్ బ్రౌన్ క్షమాపణ చెప్పాడు. 2017 ఫిబ్రవరి 16న కెనడా పార్లమెంటు దిగువసభ క్షమాపణ తీర్మానం చేసింది. క్షమాపణతో కడుపు నిండదు, నిజమే. కానీ ఎవరికి చెప్పాలో పేర్లతో సహా తెలిసిన క్షమాపణ అది.

కాగితం దాచని చోట ఏమైందో కూడా చూడండి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్ ఇట్లాగే పిల్లల్ని ఆస్ట్రేలియాకు పంపింది. చాలామందికి మీ అమ్మానాన్నలు చచ్చిపోయారని అబద్ధం చెప్పింది. ఆస్ట్రేలియాలో ఆ కాలంలో లెక్కలు పూర్తయ్యాక సెన్సస్ ఫారాలను ధ్వంసం చేయడమే ఆనవాయితీగా ఉండేది. కాబట్టి అక్కడి పిల్లలకు ఈ దారి లేదు. నాటింగ్‌హామ్‌లో మార్గరెట్ హంఫ్రీస్ అనే సోషల్ వర్కరుకు 1986లో ఒక ఆస్ట్రేలియా మహిళ ఉత్తరం రాసింది, నన్ను చిన్నప్పుడు పంపేశారు, నా వాళ్లెవరో కనుక్కోండి అని. అక్కణ్నుంచి హంఫ్రీస్ జనన రిజిస్టర్లు, పెండ్లి రిజిస్టర్లు ఒక్కొక్కటి తిరగేసి తల్లుల్ని వెతకాల్సి వచ్చింది. 1987లో చైల్డ్ మైగ్రెంట్స్ ట్రస్ట్ పెట్టింది. కొందరు తల్లులు దొరికారు. కొందరు బిడ్డ వెతుకుతున్న సంగతి తెలియకుండానే పోయారు.

సెన్సస్ ఉన్నా అందరూ దొరకరు, అది కూడా చెప్పాలి. పదేళ్లకోసారి తీసే లెక్కకు మధ్యలో చచ్చినవాడు కనబడడు. జార్జ్ ఎవరెట్ గ్రీన్ అనే పదిహేనేళ్ల బర్నార్డో పిల్లవాడు 1895లో ఒంటారియోకు వచ్చాడు. అదే ఏడు నవంబరులో పెట్టుకున్నవాళ్ల ఇంట్లో, ఒంటినిండా గాయాలతో, ఆకలితో చచ్చిపోయాడు. యజమానురాలు హెలెన్ ఫిండ్లే మీద కేసు నడిచింది. జ్యూరీ ఒక మాట మీదికి రాలేకపోయింది. 1891 కెనడా సెన్సస్ నాటికి వాడు ఆ దేశానికి రాలేదు. 1901 నాటికి బతికి లేడు. కెనడా సెన్సస్‌లో వాడు ఎక్కడా లేడు. వాడి పేరు మనకు తెలిసింది పంచనామా వల్ల, పత్రికల వల్ల. మన పిల్లల్లో ఇట్లా పోయినవాళ్లకు పంచనామా కూడా ఎక్కడిది?

ఇక్కడ ఒకటి రెండు మాటలు స్పష్టంగా చెప్పాలి, లేకపోతే కామెంట్లలో మీరే అడుగుతారు.

వాళ్లనూ మనల్నీ ఒకటే అనడం లేదు. హోమ్ పిల్లవాడు పద్దెనిమిదేళ్లకు బయటపడ్డాడు. పేరు మార్చుకున్నాడు, భూమి కొన్నాడు, వాడి కొడుకు హోమ్ బాయ్ కాలేదు. మన జీతగాని కొడుకు జీతగాడే అయ్యాడు. 1976లో వెట్టి నిర్మూలన చట్టం వచ్చిన తర్వాత కూడా అయ్యాడు. కులం అంటే అది. ఇంకో సంగతి, హోమ్ పిల్లలు దున్నిన ఆ భూమి అక్కడి ఆదివాసులది. అదే కాలంలో కెనడా ఆదివాసీ పిల్లల్ని లక్షన్నర మంది దాకా తల్లుల దగ్గర్నుంచి లాక్కుని రెసిడెన్షియల్ స్కూళ్లలో పెట్టింది. ఎంతమంది తిరిగి రాలేదో ఇప్పటికీ వెతుకుతున్నారు. కాబట్టి ఆ రాజ్యం మంచిదని ఎవరూ అనుకోవద్దు. కాగితం దాచింది, అంతే. ఆ కాగితం చివరికి ఆ రాజ్యం మీదికే సాక్ష్యమైంది.

మన దగ్గర ఎట్లా ఉంది? 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఎన్యూమరేటరు రాసిన కాగితాలు చూసే హక్కు ఎవరికీ లేదు. ఎన్నేళ్లకు ఆ తలుపు తెరవాలో చట్టంలో లేదు. బ్రిటన్‌లో వందేళ్లు, అందుకే 1921 సెన్సస్ 2022లో బయటికొచ్చింది. కెనడాలో 92 ఏళ్లు, 1931 సెన్సస్ 2023లో వచ్చింది. అమెరికాలో 72 ఏళ్లు. మనకు ఎప్పటికీ లేదు. పట్టికలు తయారయ్యాక ఇంటింటి కాగితాలను వందేళ్ల కోసం దాచే పద్ధతే లేదు.

మన పెద్దలకు ఈ కాలమ్‌ల విలువ తెలియదనుకోవద్దు. భాగ్యరెడ్డి వర్మ 1931 లెక్కల్లో మనవాళ్లను ఆది హిందువులుగా రాయించడానికి హైదరాబాదులో ఎంత కొట్లాడాడో చదవండి. అవమానపు పేరుతో రాస్తే ఒప్పుకోం, మా పేరు మేమే చెప్తాం అని. సెన్సస్ కాలమ్‌లో ఒక్క మాట రాజకీయమని ఆయనకు అప్పుడే తెలుసు. కానీ ఆ 1931 లెక్కలోనూ మనకు మిగిలింది కులం పక్కన అంకె మాత్రమే.

ఎక్కడ మనవాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా దొరుకుతాయో తెలుసా? వాళ్లను సరుకుగా ఎక్కించిన చోట. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ 342 మందితో డర్బన్ చేరింది. ఆ తర్వాత 1911 దాకా నటాల్‌కు పోయిన 1,52,184 మందికి జాబితాలున్నాయి. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీద మచ్చలు. తల్లుల చంకల్లో పోయిన పిల్లలు కూడా అందులో ఉన్నారు. మన తెలుగు పేర్లు తెల్ల గుమాస్తా చెవికి ఎట్లా వినిపిస్తే అట్లా ఉన్నాయి. అయినా ఆ జాబితాలు పట్టుకుని దక్షిణాఫ్రికాలో ఉన్న తెలుగువాళ్లు ఇవాళ మన ఊర్లు వెతుక్కుంటూ వస్తున్నారు. సముద్రం దాటిన కూలీ మనవడు ఊరు కనుక్కుంటున్నాడు. మూడు ఊర్ల అవతల జీతమున్న పిల్లగాని మనవడికి, అంటే నాకు, ఆ దారి లేదు.

ఇప్పుడు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ముందు 2027 సెన్సస్ ఉంది. 1951 నుంచి ఎస్సీ, ఎస్టీలను తప్ప మిగతా కులాలను లెక్కించలేదు. ఈసారి అందరి కులం రాస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. మన దిక్కు లెక్కకు ఆధారమైన తేదీ 2027 మార్చి 1. మన సంఘాలన్నీ కులాల శాతం గురించి, వాటా గురించి మాట్లాడుతున్నాయి. మాట్లాడాలి. దానితోపాటు ఇంకో డిమాండు పెట్టాలని నా అభిప్రాయం. ఇంటింటి రికార్డును చెరపకుండా దాచాలి. వందేళ్ల తర్వాత తెరవాలి. అప్పటిదాకా ఎవరికీ, పోలీసులకు, కోర్టులకు, ఏ శాఖకూ ఇవ్వకూడదు. ఇది చట్టంలో రాయాలి.

"అన్నా, పేరు, కులం కలిపి రాజ్యం చేతిలో పెట్టడం ప్రమాదం కాదా?" అని ఒక చెల్లె పోయినసారే అడిగింది. ప్రమాదమే. 1942లో అమెరికా తన జపాన్ సంతతి పౌరుల్ని క్యాంపుల్లో పెట్టినప్పుడు, వాళ్లు ఎక్కడెక్కడ ఎక్కువ ఉన్నారో చూపించింది సెన్సస్ లెక్కలే. కానీ చెల్లే, సెన్సస్‌లో వివరాలు ఎట్లాగూ తీసుకుంటున్నారు, ఈసారి ఫోన్లో, యాప్‌లో తీసుకుంటున్నారు. వాడుకోవాలనుకున్న రాజ్యానికి ఆ వివరం ఇవాళే ఉంది. లేనిది వందేళ్ల తర్వాత రాబోయే మన మనవలకే. రాజ్యం చేయి ఇవాళ కట్టాలి, మనవల చేయి రేపు విప్పాలి. ఈ రెండూ ఒకే చట్టంలో అడగవచ్చు.

చట్టం మారేదాకా చేయగల పనులు మూడు చెప్తా.

ఒకటి. ఫిబ్రవరిలో లెక్క తీసేనాటికి ఇటుకబట్టీలు నడుస్తుంటాయి. ఒడిశా నుంచి, మన పాలమూరు నుంచి పోయిన కుటుంబాలు గుడిసెల్లో ఉంటాయి. ఎన్యూమరేటరు బట్టీ యజమానిని అడిగి "ఇరవై కుటుంబాలు" అని రాసుకుని పోకుండా చూడాలి. మీ మండలంలో ఎన్ని బట్టీలున్నాయో ఇప్పుడే జాబితా రాసుకోండి. లెక్కలాయన వచ్చిననాడు పక్కన నిలబడండి. ప్రతి పిల్ల పేరు, పిల్లవాడి పేరు తల్లి నోటితో చెప్పించండి. యజమాని నోటితో వద్దు. ఒంటారియో రైతు చెప్పిన పుట్టినరోజు సంగతి గుర్తుంది కదా.

రెండు. ఉన్న కాగితాలు వెతకండి. పాత బడి రిజిస్టర్లు, చర్చి బాప్తిస్మం రిజిస్టర్లు. ఒంగోలు దిక్కు వెల్లంపల్లిలో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. సర్కారు రాయని పేర్లు అట్లాంటి మిషన్ పుస్తకాల్లో ఉండొచ్చు. చెదలు పట్టకముందే ఫొటో తీయండి. పాస్టరుగారిని మర్యాదగా అడగండి, ఇస్తారు.

మూడు. ఈ ఆదివారమే ఇంటికి పోయి అవ్వ దగ్గర కూర్చోండి. నోటుబుక్కులో ఐదు కాలమ్‌లు గీయండి. పేరు, ఎవరి బిడ్డ, ఎప్పుడు ఊరు విడిచారు, ఎవరింటికి, తిరిగొచ్చారా. అవ్వ ఒక అంకె చెప్పి తర్వాత ముఖం తిప్పుకుంటే, ఆ అంకెను కొట్టేయవద్దు.

మా ఇంటి నోటుబుక్కు పోయిన నెల మొదలుపెట్టాను. మొదటి పేజీలో మొదటి వరుస చిన్నతాతది. పుట్టింది 1931 ప్రాంతం. ఊరు విడిచింది తొమ్మిదేళ్లప్పుడు, పశువులు కాయడానికి. తిరిగొచ్చాడా అన్న చోట అవ్వను అడిగి రాశాను. "ఇంకా రాలేదు" అని రాయమంది.

జై భీమ్.